ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్‌లో గైడుకు ఇచ్చే సొమ్ము దేనికి ఇస్తున్నట్టు?

నదుల్లో, సరస్సుల్లో ఏళ్ల తరబడి ఫ్లై ఫిషింగ్, అంటే తేలికైన కృత్రిమ ఎరతో చేపల వేట, చేసి చేయి తిరిగినవారు సైతం సముద్రానికి మొదటిసారి వెళ్లేముందు ఒక సందేహం దగ్గర ఆగుతారు. ఆ నీటిని ఎరిగి పడవలో తిప్పి చేపలు చూపించే స్థానిక గైడును పెట్టుకోవాలా, సొంతంగా వెతుక్కోవాలా? పేరున్న తీరాల్లో గైడు ఒక రోజుకు తీసుకునే రుసుము ఒక మంచి ఫ్లై రాడ్ (గాలపు కర్ర) ధరకు దగ్గరగా ఉంటుంది. రాడ్ పదేళ్లు చేతిలో ఉంటుంది, గైడుతో గడిపే రోజు సాయంత్రానికి అయిపోతుంది. అందుకే దీన్ని విలాసమని కొట్టిపారేసేవారు ఉన్నారు, గైడు లేకుండా ఉప్పునీటిలో దిగడమే దండగ అని వాదించేవారూ ఉన్నారు. రెండు వాదాల్లోనూ సగం నిజమే ఉంది. గైడు దగ్గర మనం కొనుక్కునేది కాలాన్ని, అంటే ఒక నీటి సంగతి స్వయంగా తెలుసుకోవడానికి మనకు పట్టే ఏళ్లను. మనకు కొరవడింది ఆ తెలివిడి అయితే ఇచ్చిన ప్రతి రూకా సార్థకమవుతుంది. కొరవడింది చేతి పనితనం అయితే ఎంత గొప్ప గైడైనా ఒక్క రోజులో ఆ లోటు పూడ్చలేడు.

ఈ తేడా ఎందుకు ఇంత ముఖ్యమో అర్థం కావాలంటే ఫ్లై ఫిషింగ్ పద్ధతిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. మామూలు గాలపు వేటలో ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అనేది ఈకలు, వెంట్రుకలు, దారాలతో కట్టిన అతి తేలికైన కృత్రిమ ఎర. దాన్ని దూరం చేర్చేది లావుగా, బరువుగా ఉండే ఫ్లై లైను. కాబట్టి ఈ పద్ధతికి అందే దూరం తక్కువ. సముద్రపు గాలిలో నిలబడి 60 అడుగుల దూరానికి గురి తప్పకుండా విసరగలిగితే అది నిజంగా మంచి చేయే. ఎర వేసి చేప వచ్చేదాకా కూర్చునే వీలు ఇందులో లేదు, వంద గజాల అవతలికి విసిరి అదృష్టం చూసుకునే వీలూ లేదు. చేప ఎక్కడుందో కనిపెట్టి, దానికి తెలియకుండా 50 అడుగుల దగ్గరికి చేరి, అది వెళుతున్న దారిలో ఫ్లైని పెట్టాలి. నదిలో చేప నిలిచే చోటు చాలావరకు స్థిరంగా ఉంటుంది: ఒక రాయి వెనుక, ఒక గట్టు కింద, ప్రవాహం నెమ్మదించే మలుపులో. ఉప్పునీటి పర్రల మీద, అంటే పోటుకు మునిగి పాటుకు తేలే మెరక నేలల మీద, ఉదయం మోకాలిలోతు నీరున్న చోట మధ్యాహ్నానికి తడి ఇసుక మాత్రమే మిగలవచ్చు. చేపకు అక్కడ చిరునామా లేదు, వేళ మాత్రమే ఉంది.

ఆటుపోట్ల పట్టిక చూసుకుంటే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. పట్టిక తప్పనిసరిగా కావలసిందే. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అందువల్ల ప్రతిరోజూ పోటు వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు ఎక్కువ ఎత్తుకు లేచి ఎక్కువ లోతుకు దిగుతుంది, అష్టమి రోజుల్లో కదలిక మందగిస్తుంది. ఇంతవరకు ఎవరైనా ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. అయితే పట్టికలోని వేళ ఒక కొలత కేంద్రానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ కేంద్రానికి నాలుగైదు మైళ్ల దూరంలో, మడ అడవుల మధ్య వంకరలు తిరిగిన పాయ చివర ఉన్న పర్రకు అదే పోటు గంటా రెండు గంటలు ఆలస్యంగా చేరవచ్చు. ఫ్లోరిడా కీస్ దీవుల వరుసలో అట్లాంటిక్ వైపు నీటికీ, అవతల గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు నీటికీ గంటల తేడా ఉంటుంది; దాన్ని ఎరిగిన గైడు ఒక వైపు నీరు పడిపోగానే వంతెన కింద నుంచి రెండో వైపుకు వెళ్లి అదే పోటును మళ్లీ అందుకుంటాడు. దీనికి గాలి తోడవుతుంది. మూడు రోజులు ఒకే దిక్కు నుంచి గట్టిగా వీస్తే ఆ గాలి నీటిని ఒడ్డుకు నెట్టి నిలిపేస్తుంది, లేదా పర్ర మీది నుంచి తోడేస్తుంది. అప్పుడు పట్టిక చెప్పే లోతుకూ కాలికి తగిలే లోతుకూ పొంతన ఉండదు.

చేపలు ఈ కదలికను అనుసరించే తిరుగుతాయి. బోన్‌ఫిష్ పోటుతోపాటు లోతు నీటి నుంచి మెరకకు ఎక్కి, ఇసుకలో రొయ్యలను, చిన్న పీతలను, పురుగులను తవ్వుకు తింటుంది. నీరు దిగడం మొదలవగానే ఎండలో చిక్కుకుపోకుండా పాయలోకి జారుకుంటుంది. ఇది పుస్తకంలో దొరికే సంగతి. ఆ పర్రకు ఉన్న పది సందుల్లో ఏ సందు నుంచి ఎక్కుతుంది, పిక్క లోతు నీటికే వస్తుందా, మోకాలిలోతు దాకా ఆగుతుందా, చలిగాలులు వీచిన మర్నాడు అసలు వస్తుందా అన్నది పుస్తకంలో దొరకదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అదే నీటి మీద గడిపే మనిషికి ఇవన్నీ ఒంటపడతాయి. వారం రోజుల సెలవు మీద వెళ్లేవారికి మహా అయితే 13, 14 పోట్లు వస్తాయి, వాటిలో సగం చీకట్లోనే పోతాయి. మిగిలిన ఆరేడింటిలో ఒకటి రెండు గాలివానకు పోగా చేతికి దక్కేది నాలుగో ఐదో. గైడు ఖర్చు సమంజసమా కాదా అని ఆలోచించే ప్రతివారూ ముందు ఈ లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. ప్రయాణానికీ బసకూ పెట్టిన మొత్తాన్ని ఆ నాలుగైదు పోట్లతో భాగిస్తే, ఒక్కో పోటును తెలియక పోగొట్టుకోవడం ఎంత ఖరీదైన పనో తెలుస్తుంది.

గైడు దగ్గర ఉన్న రెండో సంపద కంటిచూపు. మొదటిరోజు చాలామందిని నివ్వెరపరిచేది ఇదే. బోన్‌ఫిష్ ఒళ్లు అద్దంలాంటి పొలుసులతో ఇసుక రంగును తిప్పికొడుతుంది. కళ్లెదుట ఉన్నా కనిపించదు. అనుభవం లేనివారు చేప ఆకారం కోసం వెతుకుతారు. గైడు నీటి అడుగున పాకుతున్న నీడను చూస్తాడు, గాలి అలలకు అడ్డంగా వచ్చే సన్నని వణుకును చూస్తాడు, తల కిందికి పెట్టి తింటున్నప్పుడు పైకి తేలే తోక కొసను చూస్తాడు. ఇందులో అభ్యాసం ఎంత ఉందో భౌతికశాస్త్రం కూడా అంత ఉంది. నీటి ఉపరితలాన్ని ఎంత ఏటవాలుగా చూస్తే ఆకాశపు ప్రతిబింబం అంత ఎక్కువగా కళ్లకు అడ్డుపడుతుంది. చూపు పైనుంచి నిలువుగా దిగేకొద్దీ అడుగు తేటపడుతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఆ తళుకును చాలావరకు కోస్తాయి, ఎత్తు మిగతా పని చేస్తుంది. ఫ్లోరిడా గైడు బిల్ కర్టిస్ 1970లలో పడవ ఇంజను పైన నిలబడేందుకు చిన్న మంచెలాంటి వేదికను అమర్చిన తర్వాత అది ఈ తరహా పడవలన్నిటికీ పాకిపోవడానికి కారణం ఇదే. మంచె మీది గైడుకు 100 అడుగుల దూరంలో స్పష్టంగా ఉన్న చేప, నీటిలో నడుస్తున్న మనకు 40 అడుగుల దాకా వస్తేగానీ కనిపించకపోవచ్చు. అప్పటికి అది మనల్ని చూసేసి ఉంటుంది.

ఇక పడవ. పర్రల మీద తిరిగే స్కిఫ్ అనే పడవ తేలికగా ఉండి, అడుగుకన్నా తక్కువ నీటిలో తేలుతుంది. దగ్గరికి వచ్చాక ఇంజను ఆపి సుమారు 20 అడుగుల గెడతో తోసుకుంటూ వెళ్లాలి, ఎందుకంటే ఇంజను మోతే కాదు, పడవ అంచుకు చిన్న అల తగిలిన చప్పుడు కూడా నీటి ద్వారా చేపకు చేరుతుంది. గెడ వేయడం చూడటానికి సులభంగా ఉంటుంది. గాలికి ఎదురు నిలుస్తూ, ఇసుకకు రాసుకోకుండా, విసిరే మనిషి భుజానికి గాలి అడ్డం రాకుండా సరైన క్షణంలో పడవను పక్కకు తిప్పడం మాత్రం ఏళ్ల మీద వచ్చే విద్య. కుడిచేతితో విసిరేవారికి కుడివైపు గాలి వీస్తే కొక్కెం నేరుగా ముఖం మీదికి వస్తుంది. మంచి గైడు పడవ ముందు కొసను కొద్దిగా మళ్లించి ఆ ప్రమాదాన్ని తప్పిస్తాడు. విసిరిన మనిషికి ఆ సాయం జరిగిందన్న సంగతి కూడా తెలియదు.

ఈ విద్య ఎంత లోతైనదో దాని చరిత్రలోనూ కనిపిస్తుంది. వేర్వేరు మందాల దారాలను కలిపే ఆల్‌బ్రైట్ ముడి ఇవాళ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. దానికి ఆ పేరు ఫ్లోరిడా కీస్‌లోని ఇస్లామొరాడా గైడు జిమ్మీ ఆల్‌బ్రైట్ నుంచి వచ్చింది. ఆయన భార్య ఫ్రాంకీ, ఆమె సోదరి బానీ స్మిత్ కూడా అక్కడి తొలితరం గైడులే. బహమాస్‌లోని ఆండ్రోస్ దీవిలో బాబ్ నౌహైమ్ అనే అమెరికన్ కట్టిన బోన్‌ఫిష్ ఫ్లైకి స్థానిక గైడు చార్లీ స్మిత్ పేరు స్థిరపడి, క్రేజీ చార్లీగా దేశదేశాల పెట్టెల్లోకి చేరింది. పట్టుకోవడానికి అతి కష్టమైనదని పేరుపడ్డ పర్మిట్ చేపను డెల్ బ్రౌన్ ఫ్లై మీద 500కు పైగా పట్టుకున్నాడు. వాటిలో ఎన్నో స్టీవ్ హఫ్ గెడ వేసిన పడవలోనివి. డెల్ బ్రౌన్ నేర్పు సామాన్యమైనది కాదు, ఆయన రూపొందించిన మెర్కిన్ అనే పీత ఫ్లై ఇప్పటికీ పర్మిట్ వేటకు మొదటి ఎంపికల్లో ఒకటి. అటువంటి మనిషి కూడా తన కన్నుకూ తన పడవకూ మరో మనిషి అవసరమని గుర్తించాడన్న విషయం, గైడు పెట్టుకోవడం చేతకానితనానికి గుర్తు అనుకునేవారు గమనించాలి.

గైడు ఇవ్వలేనిది ఏమిటన్న ప్రశ్న కూడా ఇంతే ముఖ్యం, దాని గురించి చాలా తక్కువగా మాట్లాడుకుంటారు. పడవ ముందు కొసను గడియారంలో 12గా తీసుకుని గైడు దిక్కు చెబుతాడు: "10 గంటల వైపు, 50 అడుగులు, ఎడమ నుంచి కుడికి వస్తోంది." ఆ మాట వినిపించాక మన చేతిలో ఉండేది కొద్ది సెకన్లే. ఆ వ్యవధిలో కాళ్ల దగ్గర వదులుగా ఉన్న లైను చుట్టుకోకుండా, రెండు ఊపులకు మించకుండా, గాలిని చీల్చుకుంటూ, చేప తలకు నాలుగైదు అడుగుల ముందు ఫ్లైని దించాలి. నదిలో తీరిగ్గా ఐదారు ఊపులు ఊపి విసరడానికి అలవాటు పడినవారికి మొదటి ఊపు పూర్తయ్యేసరికే చేప దారి మార్చేస్తుంది. ఆ తర్వాత మరో పాత అలవాటు ఎదురవుతుంది. ట్రౌట్ చేప ఫ్లైని అందుకోగానే రాడ్‌ను పైకెత్తడం నదిలో సరైన పద్ధతి; సముద్రంలో అలా చేస్తే ఫ్లై చేప నోట్లోంచి జారిపోతుంది. రాడ్ కొసను నీటివైపే ఉంచి, లైనును ఎడమచేత్తో గట్టిగా వెనక్కి లాగి కొక్కేన్ని దించాలి. ఈ తేడా తెలిసినవారు కూడా కంగారులో పాత పద్ధతికే పోతారు, ఎందుకంటే చేతికి తెలిసిందీ బుద్ధికి తెలిసిందీ ఒకటి కావు.

అందువల్ల గైడుకు సొమ్ము కట్టేముందు చేయవలసిన పని ఖాళీ మైదానంలో ఉంది. ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి, గాలి ఉన్న రోజునే ఎంచుకుని, ఫ్లైని చేత్తో పట్టుకున్న స్థితి నుంచి మొదలుపెట్టి, రెండు ఊపుల్లో 40, 50 అడుగుల దూరంలోని పళ్లెం పక్కన దించే సాధన చేయాలి. ఎడమచేత్తో లైనును లాగి వేగం పెంచే డబుల్ హాల్ అనే పద్ధతి గాలిలో తప్పనిసరి. అది రానివారు మొదట ఆ మైదానంలోనే విసరడం నేర్పే శిక్షకుడి దగ్గర గంటో రెండు గంటలో గడపడం మేలు, పైగా గైడు రోజు కూలీతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ. దూరాన్ని అంచనా వేయడం మరో చిక్కు. గైడు 40 అడుగులంటే మనం 60 విసురుతాం, లైను చేప మీదుగా పడి మంద అంతా చెదిరిపోతుంది. పడవ ఎక్కగానే ఒక్కసారి విసిరి "ఇది ఎన్ని అడుగులు?" అని గైడును అడిగి కొలత కలుపుకోవాలి. ఇంత చిన్న పనికి ఎన్నో చేపలు దక్కుతాయి, అయినా చాలామంది మొహమాటంతో దీన్ని వదిలేస్తారు.

అన్ని నీళ్లలోనూ గైడు విలువ ఒకేలా ఉండదు. టార్పన్ వేటలో అది గరిష్ఠంగా ఉంటుంది. వంద పౌండ్లకు పైబడిన చేప గాలంతో సముద్రంలోకి పరుగెత్తినప్పుడు లంగరు విప్పి వెంబడించేవారు పడవలో లేకపోతే రీలులోని లైను నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ చేపలు ఏ దారిన వలస పోతాయో తెలిసి, మరొకరి వరుసకు అడ్డం పడకుండా పడవను నిలపడం కూడా స్థానిక మర్యాద తెలిసినవారికే సాధ్యం. పర్మిట్ విషయంలో ఒక్కో అవకాశమే అరుదు కాబట్టి అవకాశాలను వెతికిపెట్టే కన్నుకు విలువ. మిసిసిపి డెల్టా బాడవల్లో రెడ్‌ఫిష్ నీరు మురికిగా ఉన్నా దగ్గరికి రానిస్తుంది, కయాక్‌లో సొంతంగా తిరిగి పట్టుకునేవారు ఎందరో ఉన్నారు. అయితే ఆ బాడవల్లో దారి తప్పడం చాలా తేలిక. కిరిబాటి దేశంలోని క్రిస్మస్ దీవిలో గైడులు మన పక్కనే నీటిలో నడుస్తారు, అక్కడ కొనుక్కునేది దాదాపు పూర్తిగా కంటిచూపే. సీషెల్స్‌కు చెందిన కాస్మొలెడో వంటి మారుమూల పగడపు దీవుల్లో జెయింట్ ట్రెవాలీ అనే చేప కోసం వెళ్లేవారికి ఈ చర్చే లేదు, గైడులూ పడవా కలిసిన ఏర్పాటుతో తప్ప అక్కడికి చేరలేరు.

మరోవైపు, కాలినడకన చేరగలిగిన గట్టి ఇసుక ఉన్న చోట గైడు లేకుండానే తృప్తిగా గడపవచ్చు. అమెరికా ఈశాన్యంలోని కేప్ కాడ్ తీరంలో స్ట్రైప్డ్ బాస్ చేపల వేట అందుకు మంచి ఉదాహరణ. నది ముఖాల్లో, రాళ్ల వరుసల దగ్గర, ఇసుక తిన్నెల అంచున దిగుతున్న పాటు నీరు ఎర చేపలను ఎక్కడికి ఈడ్చుకొస్తుందో గమనించగలిగితే చాలు, బాస్ వాటి కోసం ఎదురుచూసే చోటు నది పాఠంతోనే దొరుకుతుంది. బహమాస్‌లోని లాంగ్ ఐలాండ్ వంటి దీవుల్లో రోడ్డు పక్కన వాహనం ఆపి పర్రలోకి దిగేవారు చాలామంది. ఉపగ్రహ చిత్రాల్లో తెల్లని ఇసుకనూ, ముదురు గడ్డినీ, పాయల నోళ్లనూ ముందే గుర్తు పెట్టుకుంటే సగం పని ఇంట్లోనే అవుతుంది. జాగ్రత్తలు మాత్రం మన మీదే ఉంటాయి. మెత్తని సున్నపు బురద నడుం దాకా దించేయగలదు. టేకు చేపల ముల్లు తగలకుండా పాదాలను ఎత్తకుండా ఈడుస్తూ నడవాలి. ఉరుము వినిపించగానే రాడ్ కింద పెట్టి ఒడ్డు చేరాలి. కేప్ కాడ్ లోపలి తీరంలో పాటు వేళ నీరు మైలు దూరం వెనక్కి పోతుంది, పొగమంచులో ఒడ్డు దిక్కు తెలియక పోటుకు చిక్కుకోవడం అక్కడ నిజమైన ప్రమాదం.

కొన్ని చోట్ల ఎంపికను చట్టమే కొంతవరకు తేల్చేస్తుంది. బహమాస్‌లో 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం పర్రల్లో చేపలు పట్టే విదేశీయులకు లైసెన్సు ఉండాలి, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పడవ మీద వేటకు వెళితే ధ్రువీకరణ పొందిన గైడును వెంట తీసుకెళ్లాలి. ఒంటరిగా నీటిలో నడిచే మనిషికి ఆ నిర్బంధం లేదు. అమెరికాలో డబ్బు తీసుకుని మనుషులను పడవ ఎక్కించుకునేవారికి కోస్ట్ గార్డ్ లైసెన్సు తప్పనిసరి, ఆరుగురి దాకా ఎక్కించుకునే చిన్న లైసెన్సుకే 360 రోజుల సముద్రానుభవం చూపాలి. ఫ్లోరిడాలో గైడుకున్న చార్టర్ లైసెన్సు పడవలోని అతిథులకూ వర్తిస్తుంది. బెలీజ్ 2009 నుంచి బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ మూడింటినీ పట్టి వదలాల్సిన చేపలుగా ప్రకటించింది. లైసెన్సు లేనివారు తక్కువ ధరకు తీసుకెళతామంటే ఒప్పుకోకూడదు; ప్రమాదం జరిగిన రోజు బీమా, రేడియో, ప్రాణరక్షణ జాకెట్లు లేని లోటు తెలుస్తుంది.

గైడును ఎంచుకోవడంలో మొదటి పొరపాటు అందరు గైడులూ ఒకటే అనుకోవడం. బతికున్న ఎరతో, బరువైన గాలాలతో వేటాడించే కెప్టెన్ తన పనిలో దిట్ట అయినా, ఫ్లై విసిరే మనిషికి ఎంత దూరంలో, ఏ కోణంలో పడవ నిలపాలో ఆయనకు తెలియకపోవచ్చు. ఏడాదిలో ఎన్ని రోజులు ఫ్లై వాడేవారితో గడుపుతారని సూటిగా అడగాలి. రెండో ప్రశ్న మన వైపు నుంచి రావాలి: నా విసురు ఇంత, నేను ఇంతకుముందు సముద్రంలో పట్టింది ఇంత, ఇవాళ నాకు కావలసింది ఇది. గొప్పలు చెప్పుకుంటే గైడు కష్టమైన చేపల దగ్గరికి తీసుకెళతాడు, రోజంతా చేప చూసి పట్టలేక పోతాం. నిజం చెబితే సులువుగా తినే చిన్న చేపల మంద ఉన్న పర్రకు తీసుకెళ్లి ముందు చేతికి ధైర్యం తెప్పిస్తాడు. తప్పు విసిరినప్పుడల్లా అరిచే గైడు ఎంత పేరున్నవాడైనా మళ్లీ పిలవదగినవాడు కాదని నా గట్టి నమ్మకం; భయపడిన చేయి ఇంకా బిగుసుకుంటుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. ఓపికగా ఎందుకు తప్పిందో చెప్పే గైడు దగ్గర చేప పడని రోజు కూడా వృథా కాదు. రాడ్‌ను తాను తీసుకుని విసిరి, చేప తగిలాక మన చేతికిచ్చే పద్ధతిని ముందే వద్దనడం మంచిది. అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం నిబంధనల్లో చేపతో పోరాడుతుండగా మరొకరు రాడ్‌ను తాకితే ఆ రికార్డు చెల్లదు. రికార్డులతో పనిలేనివారికి కూడా, తాము పట్టని చేప గుర్తుగా మిగలదు.

గైడు విలువలో చేపకు దక్కే భాగం కూడా ఉంది. పట్టి వదిలిన బోన్‌ఫిష్ అన్నీ బతకవు. అలసి, ఒరిగిపోయి, నిటారుగా ఈదలేని స్థితిలో వదిలిన చేపలు షార్కుల వంటి వేటచేపలకు చిక్కి చనిపోయే అవకాశం, స్థిరంగా ఈదేవాటితో పోలిస్తే ఆరు రెట్లకు పైగా ఉన్నట్టు బహమాస్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. కాబట్టి త్వరగా దగ్గరికి రప్పించి, నీటిలోనే ఉంచి, పైకెత్తక తప్పకపోతే పది సెకన్లలోపే తిరిగి దించి, బలంగా ఈదుకుపోయేదాకా పట్టుకోవాలి. చుట్టుపక్కల షార్కు కనిపిస్తే ఆ పర్ర వదిలి వెళ్లాలని మంచి గైడు చెబుతాడు. ఫ్లోరిడాలో 40 అంగుళాలు దాటిన టార్పన్‌ను ఫొటో కోసమైనా పడవలోకి ఎత్తకూడదు. లోతు తెలియక సొంతంగా పడవ నడిపేవారి ప్రొపెల్లర్ సముద్రపు గడ్డిని కోసిన చారలు మానడానికి ఏళ్లు పడుతుంది. రొయ్యలూ పీతలూ పెరిగేది ఆ గడ్డిలోనే, బోన్‌ఫిష్ వచ్చేది వాటి కోసమే.

గైడుతో తిరగడంలో ఒక నష్టం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఎప్పుడూ మరొకరి కళ్లతోనే చూసేవారికి సొంత చూపు రాదు. పదేళ్లు గైడుల పడవల్లో మాత్రమే తిరిగి, ఒక్కసారి ఒంటరిగా పర్ర మీద నిలబడితే ఎటు నడవాలో తోచనివారు ఉంటారు. దీనికి మందు గైడును మానేయడం కాదు, అతన్ని అడగడం. ఆ చేప మీకు ముందు ఎలా కనిపించింది, ఈ పర్రనే ఎందుకు ఎంచుకున్నారు, ఇంకో గంటకు ఎటు వెళతారు, ఎందుకు? నిజాయితీగా నేర్చుకోవాలనుకునేవారికి చాలామంది గైడులు సంతోషంగా చెబుతారు. అతను చూపించిన చోటికే మర్నాడు సొంత పడవతో, నలుగురు స్నేహితులతో వెళ్లడం మాత్రం తగదు. ఆ చోటును కనిపెట్టడానికి అతను పెట్టిన కాలమే అతని జీవనోపాధి. నేర్చుకున్న లక్షణాలను, అంటే ఆ లోతును, ఆ ఇసుకను, ఆ పాయ నోటిని, ఆ వేళను పట్టుకుని మరో పర్రను వెతుక్కుంటే ఎవరికీ అన్యాయం జరగదు, మనకూ చూపు వస్తుంది.

ఐదు రోజుల ప్రయాణంలో ఒక్క రోజుకే గైడును పెట్టుకునే స్తోమత ఉన్నవారు సాధారణంగా దాన్ని చివరికి దాచుకుంటారు, మిగతా రోజులు చేప పడకపోతే ఆ రోజైనా పడుతుందన్న ఆశతో. నా సలహా దీనికి పూర్తిగా విరుద్ధం. గైడు రోజు మొదటిదై ఉండాలి, వీలైతే రెండో రోజు కూడా. మొదటిరోజు కళ్లకు నీడ పట్టుబడుతుంది, చేతికి గాలి అలవాటవుతుంది, ఏ ఫ్లై ఎంత వేగంగా మునగాలో తెలుస్తుంది, పోటు పట్టికకూ నిజమైన నీటికీ ఎన్ని నిమిషాల తేడా ఉందో నోటు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ తర్వాతి రోజులు ఒడ్డు నుంచి నడిచినా ఆ జ్ఞానం వెంటే ఉంటుంది. సగం రోజుకు మాత్రమే కుదుర్చుకునేవారు ఉదయమా సాయంత్రమా అని తమ వీలును బట్టి తేల్చుకోకూడదు, ఆ వారంలో ఏ రోజు నీరు ఎండ నడినెత్తిన ఉండగా పర్ర మీదికి ఎక్కుతుందో గైడునే అడిగి ఆ నాలుగు గంటలనే ఖాయం చేసుకోవాలి.